సముద్రం మీద పిలవకూడని పేరు

ఆళ్లగడ్డలో బస్సులు నిలిచే చోట నాకొక కాఫీ హోటలుంది. మేం విశాఖపట్నం పోయి, సముద్రం మీద ఒక రాత్రంతా గాలాలు వేసి వచ్చామన్న సంగతి ఊళ్లో పొక్కిన దగ్గర్నుంచి, గ్లాసు చేతిలోకి తీసుకున్న ప్రతివాడూ మొదట్నుంచీ చెప్పమంటున్నాడు. చెప్తూ కూచుంటే అవతల పాలు పొంగిపోతున్నాయి. పైగా సగం కథ విన్నాక "ఊర్కో సుబ్బన్నా, కోతలు కోయాకు" అని లేచిపోతున్నారు. అందుకని కాగితం మీద పెడుతున్నాను. నమ్మేవాళ్లు నమ్మండి. నేనైతే ఇంకా తేరుకోలేదు.

నంద్యాల రైలు

ఈ ప్రయాణానికి కారకుడు మా అక్క మొగుడు లింగారెడ్డి బావ. సేద్యం బాగానే చేస్తాడు గానీ మనసంతా కుందూ ఏటి మీదే. ఏ మడుగులో వాలుగ ఉందో, ఏ మడుగులో కొరమేను ఉందో ఒడ్డున నిలబడి చెప్తాడు. ఆయన గాలం వేస్తే ఒట్టి చేతులతో ఇంటికి రాడని చుట్టుపక్కల నాలుగూళ్లలో చెప్పుకుంటారు. నంద్యాలలో మాతో చదువుకున్న రమణయ్య ఇప్పుడు విశాఖపట్నంలో గుమాస్తా. పోయిన ఏడు ఒక పెళ్లిలో కలిసి, సముద్రం నీళ్ల కింద కొండలుంటాయనీ, వాటిమీద చేపలు మందలు మందలుగా తిరుగుతాయనీ, అక్కడి వాళ్లు సాయంత్రం పోయి రాత్రంతా గాలాలు వేసి తెల్లారి వస్తారనీ చెప్పి పోయాడు. ఆ రోజు నుంచి బావకు కుందూలో చేపలు చేపల్లాగా కనబడలేదు. నన్ను తోడు రమ్మన్నాడు. నేను రానంటే మా అక్కతో చెప్పించాడు.

నంద్యాల స్టేషనులోనే తగువు మొదలైంది. బావ తన వెదురు గాలపు కర్రలు రెండు వెంట తెచ్చాడు. అవి చిన్న రైలుపెట్టె వాకిట్లో అడ్డంగా ఇరుక్కున్నాయి. లోపలివాళ్లు తోస్తే బయటికి, బయటివాళ్లు తోస్తే లోపలికి. గార్డు వచ్చి చీవాట్లు పెట్టి, చివరికి తనే కిటికీలోంచి దూర్చాడు. బొగద సొరంగంలో పెట్టె నిండా పొగ కమ్ముకుంటే కర్రలు ఎవరి కంట్లో పొడుచుకుంటాయోనని రెండు చేతులా పట్టుకుని కూచున్నాను.

దొనకొండ దాటాక ఎదుటి బల్ల మీద గుంటూరు వైపు పెద్దావిడ ఒకామె ఎక్కింది. మా జొన్నరొట్టెలూ చెనిక్కాయల పొడీ చూసి, ఇవి తిని ఎలా బతుకుతున్నారు నాయనా అని జాలిపడి తన అన్నంలో సగం పెట్టింది. ఎక్కడికని అడిగింది. సముద్రం మీదికి చేపల వేటకని బావ గొప్పగా చెప్పాడు. ఆమె ముద్ద చేతిలోనే ఆపి, మీకు పెళ్లాం బిడ్డలు లేరా అని అడిగింది. ఉన్నారంటే ఆశ్చర్యపోయింది.

బెజవాడలో పెద్ద రైలెక్కాం. గోదావరి వంతెన మీద బావ లేచి నిలబడి ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డు దాకా చూశాడు. ఎంతసేపటికీ అవతలి ఒడ్డు రాదు. "ఇది ఏరైతే మన కుందూ ఏందప్పా" అని కూచున్నాడు, ఎవరో మోసం చేసినట్టు.

విశాఖపట్నం

ముందు కాఫీ సంగతి చెప్పాలి, అది నా వృత్తి. రమణయ్య తీసుకుపోయిన హోటల్లో కప్పు అణాన్నర. నీళ్ల కాఫీ. నా దగ్గర అణాకు చిక్కటి కాఫీ తాగి చక్కెర చాలలేదని పేచీ పెట్టేవాళ్లంతా ఒకసారి అక్కడికి పోయి రావాలి.

సముద్రం గురించి ఎట్లా చెప్పాలో తెలియడం లేదు. ఇసుక దిబ్బ ఎక్కేసరికి ఎదురుగా నీళ్లు, నీళ్ల వెనక నీళ్లు, ఆపైన ఆకాశం. మన వైపు వానకోసం మొగం ఎత్తి చూసి చూసి మెడలు పడిపోయినవాళ్లం. ఇన్ని నీళ్లు ఊరికే పడి ఉండటం చూస్తే నాకు కడుపు మండింది. బావ దోసెడు తీసుకుని నోట్లో పోసుకుని తుపుక్కున ఉమ్మాడు. "ఎకరా తడపను గూడ పనికిరావు" అన్నాడు. చెప్పాను కదా, ఆయన రైతని.

చేపలవాడ

రమణయ్యకు తెలిసిన వేటగాళ్ల పల్లె పట్నానికి ఉత్తరంగా, బండిబాట చివర ఉంది. తాటాకు పాకలు, ఎండబెట్టిన చేపలు, ఇసుక. మమ్మల్ని తీసుకుపోతామని మాట ఇచ్చింది అప్పన్న అనే నడివయసు మనిషి. తెప్ప నడిపేది అతని మేనమామ ఎర్రయ్య. తలా గడ్డం తెల్లబడ్డా ఇంకా చెక్కుచెదరలేదు.

మేం పోయేసరికి వాడంతా మెల్లగా మాట్లాడుకుంటోంది. రమణయ్య పక్కకు పోయి ఎవరితోనో మాట్లాడి, మొగం వేలాడేసుకుని వచ్చాడు. అప్పన్న తమ్ముడు పోలయ్య రెండు రోజుల కిందట చిన్న తెప్ప మీద ఒంటరిగా వేటకు పోయాడట. ఆ రాత్రి పడమటి గాలి లేచింది. మిగతా తెప్పలన్నీ తిరిగొచ్చాయి, పోలయ్య రాలేదు.

ఇంక మన వేట ఎక్కడిది, పరామర్శ చేసి వెళ్లిపోదామనుకున్నాం. ఇంతలో అప్పన్న పాకలోంచి వచ్చి, "పొద్దుగూకే ఏళకి ఎల్దాం బాబూ, ఎర కోసేత్తన్నాను" అని మళ్లీ లోపలికి పోయాడు. తమ్ముడి ఊసే లేదు. నేనూ బావా మొగాలు చూసుకున్నాం. నల్లమలలోకి పోయిన మనిషి పొద్దుగూకేసరికి రాకపోతే మన దగ్గర ఊరు ఊరంతా కదులుతుంది. దివిటీలు పట్టుకుని, తప్పెట్లు కొట్టుకుంటూ, పేరు పెట్టి కేకలేస్తూ అడవంతా కలియబెడతాం. మనిషి దొరికేదాకా ఇంట్లో పొయ్యి వెలగదు. ఇక్కడ సొంత అన్న కూచుని ఎర కోస్తున్నాడు. వీళ్లవి గుండెలా బండరాళ్లా అనుకున్నాను.

పోలయ్య భార్య నూకాలు మాకోసమే పొయ్యి మీద చేపల పులుసు పెట్టింది. ఇద్దరు చిన్న పిల్లలు ఆమె కొంగు పట్టుకుని ఉన్నారు. నేను ఉండబట్టలేక, "ఏమ్మా, మీ ఆయన జాడేమన్నా తెలిసిందా" అని అడిగేశాను. ఆమె చేతిలో గరిటె ఆగింది. నా వైపు చూడకుండా, "కారం ఎక్కువ తింతారా బాబూ, తక్కువా" అంది.

రమణయ్య నా రెక్క పట్టుకుని బయటికి లాక్కుపోయాడు. ఈ వాడలో వేటకు పోయినవాడు రాలేదని ఎవరూ పైకి అనరట. అంటే అదే నిజమవుతుందని భయం. ఆ పులుసు ఎంత బాగుందో చెప్పడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది. చింతపండు, పచ్చి కొబ్బరి, ఇంకేదో ఆకు. నా వంట మేస్త్రికి చెప్పి రెండుసార్లు చేయించాను, రాలేదు.

తెప్ప

సాయంత్రం ఒడ్డుకు పోయి, పడవ ఏదని అడిగాను. ఎర్రయ్య ఇసుకలో ఉన్న ఐదు దుంగలు చూపించాడు. తాడుతో కలిపి కట్టిన దుంగలు, అంతే. గోడలు లేవు, అడుగు లేదు. ఎడ్ల బండికైనా ఇంతకంటే ఎక్కువ చెక్క పడుతుంది. రమణయ్య తనకు కడుపులో బాగాలేదని ఒడ్డున ఉండిపోయాడు. నాకూ బాగాలేదు గానీ బావ ముందు ఎట్లా చెప్పేది? బావ వెదురు కర్రల్ని అప్పన్న తీసుకుని ఒడ్డున ఇసుకలో గుచ్చేశాడు. అక్కడ కర్రతో పని లేదట. చేతిలో తాడు, తాడు చివర రాయీ గాలమూ.

మా ఇద్దరి నడుములకూ తాడు కట్టి దుంగలకు ముడేశారు. మొదటి అల మమ్మల్ని నిలువునా లేపి కింద పడేసేసరికి నా పై ప్రాణాలు పైనే పోయాయి. దుంగల సందుల్లోంచి నీళ్లు పైకి చిమ్ముతాయి, మళ్లీ కిందికి పోతాయి. అలలు దాటి తెరచాప ఎత్తిన కాసేపటికే అణాన్నర కాఫీ సముద్రం పాలైంది. బావ నన్ను చూసి నవ్వాడు. తర్వాత ఆయనదీ అదే గతి.

ఒక సంగతి మాత్రం గమనించాను. మాతోపాటే వాడలోని తెప్పలన్నీ బయలుదేరాయి. అన్నీ ఒక దిక్కుకు పోలేదు, చేతివేళ్లు చాచినట్టు తలో దిక్కుకూ విడిపోయాయి.

బండ

నీళ్ల కింది కొండను వాళ్లు బండ అంటారు. పైకి కనబడదు. ఒడ్డున మసకమసకగా కనబడుతున్న కొండకొమ్మునూ తాటితోపునూ ఒక వరసలోకి తెచ్చుకుని ఎర్రయ్య "ఇక్కడే" అన్నాడు. రాయి కట్టిన లంగరు తాడు వదిలారు. అది నిలబడింది.

చీకటి పడ్డాక అడిగాను, ఇట్లాంటి బండలు ఎన్ని ఉన్నాయని. మా వాడకి తెలిసినవి పన్నెండని అప్పన్న చెప్పాడు. మిగతా చోట లోతెక్కువ, లంగరు అందదు, తెప్ప కొట్టుకుపోతుంది. తెరచాప గెడ విరిగినవాడెవడైనా ఎట్లాగో ఒక బండ దగ్గరికి చేరుకుంటే లంగరు వేసుకుని నిలబడగలడు. ఇంత చెప్పి అప్పన్న ఎర బుట్ట ముందుకు లాక్కున్నాడు. అప్పటికి నా మట్టిబుర్రకు తట్టింది. వాడలోని తెప్పలన్నీ తలో బండకూ పోయినాయి. ఎవరూ ఎవరికీ చెప్పకుండా, పోలయ్య పేరెత్తకుండా, ఊరంతా వెతకడానికే వచ్చింది. నేనేమో గుండెలా బండరాళ్లా అనుకున్నాను.

మరి గాలాలెందుకని అడిగితే, ఒట్టి చేతులతో సముద్రం మీదికి వచ్చేది శవం కోసమేనని ఎర్రయ్య అన్నాడు. బతికున్నవాడి కోసం వచ్చినవాళ్లు వేట ఆపకూడదు. గాలాలు వేసేముందు ఆయన తెడ్డుతో దుంగ మీద మూడు దెబ్బలు కొట్టి, వంగి చెవి దుంగకు ఆనించి విన్నాడు. నీళ్ల మీద చెక్క చప్పుడు చాలా దూరం పోతుందట. ఎటునుంచీ జవాబు రాలేదు. ఆ తర్వాత కూడా మధ్యమధ్య కొట్టి వింటూనే ఉన్నాడు.

వేట గురించి కూడా చెప్పకపోతే అన్యాయం. తాడు కిందికి పోతూనే ఉంటుంది, ఎంతకీ ఆగదు. అడుగున రాయి తగిలాక కాస్త పైకి లాగి పట్టుకోవాలి. అప్పన్న ఒకదాని వెంట ఒకటి ఎర్రటి చేపల్ని పైకి తీస్తున్నాడు, ఒక్కొక్కటి పిల్లాడంత ఉంది. బావ తాడు ఉన్నట్టుండి బిగుసుకుంది. కుందూ అలవాటు కొద్దీ చెయ్యి చుట్టూ చుట్టుకోబోతే ఎర్రయ్య ఒక్క దెబ్బ వేసి విడిపించాడు. ఆ చేపను పైకి తెచ్చేసరికి బావ అరచేతులు తోలు లేచిపోయాయి. వాళ్లు దాన్ని కోనాం అన్నారు. వెండి కడ్డీలాగా ఉంది. బావ దాన్ని ఒళ్లో పెట్టుకుని చిన్నపిల్లాడిలాగా నవ్వాడు. అంతలో అప్పన్న మొగం కనబడింది కాబోలు, నవ్వు ఆపి చేపను పక్కన పెట్టేశాడు. ఆ తర్వాత ఆయన తాడు పట్టుకోలేదు.

పిలుపు

బావలో ఏదో ఉడుకుతోందని నాకు తెలుస్తూనే ఉంది. "ఎతకను వచ్చినోళ్లు ఇట్ల నోరు మూసుకోని కూచుంటే వానికెట్ల తెలుస్తాది సుబ్బన్నా" అని నా చెవిలో అన్నాడు. ఊర్కో బావా అన్నాను. ఊరుకోలేదు. మోకాళ్ల మీద లేచి, నోటి చుట్టూ చేతులు పెట్టుకుని, కుందూ అవతలి ఒడ్డున ఉన్న ఎనుముల్ని పిలిచే గొంతుతో "పోలయ్యా" అని మూడు కేకలు పెట్టాడు.

అప్పన్న తన చేతిలోని తాడు వదిలేసి బావ మీద పడి నోరు మూశాడు. తెప్ప ఒరిగి నేను నీళ్లలోకి జారాను, నడుముకున్న తాడే నన్ను ఆపింది. దగ్గుకుంటూ పైకి వచ్చేసరికి అప్పన్న వెక్కివెక్కి ఏడుస్తున్నాడు. ఎర్రయ్య రెండు చేతులతో తల పట్టుకుని కూచున్నాడు. మాకేమీ అర్థం కాలేదు. చివరికి ఎర్రయ్యే చెప్పాడు.

"పోయినోణ్ణే బాబూ సంద్రం మీద పేరెట్టి పిలిసేది. ముమ్మారు పిలిసి, ఆ పేరు నీళ్లకి ఒగ్గేత్తాం. మీరు మా వోణ్ణి ఒగ్గేసినారు."

మన ఊళ్లో మనిషిని దక్కించుకోవడానికి చేసేది ఇక్కడ మనిషిని సాగనంపడానికి చేస్తారని ఎవరు కలగంటారు? ఎర్రయ్య లంగరు తాడు మీద చెయ్యి వేశాడు. ఇంక ఇక్కడ పని లేదు, వెళ్లిపోదామని.

అప్పుడు వినబడింది. చీకట్లో, బండ అవతలి కొస వైపు నుంచి, సన్నగా "ఓయ్" అని.

బావ ఎగిరినంత పని చేశాడు. "పలికినాడు, మనిషి పలికినాడు, పోనీండప్పా అట్ల" అన్నాడు. వాళ్లిద్దరూ కదల్లేదు. పేరు వదిలేశాక రాత్రిపూట దానికి పలికేది మనిషి కాదని ఎర్రయ్య అన్నాడు. ఆ గొంతు వెంట పోయిన తెప్పలు తిరిగి రాలేదట. ఎర్రయ్య లంగరు పైకి లాగుతున్నాడు, తెప్పను ఒడ్డు వైపు తిప్పడానికి. అవతల మళ్లీ "ఓయ్" అని వినబడింది, ఇందాకటికంటే సన్నగా. అప్పన్న రెండు చెవులూ మూసుకున్నాడు.

"నీ తమ్ముడేనా కాదా, అంత మాత్రం గుర్తుపట్టలేవా" అని బావ అప్పన్న భుజాలు పట్టుకుని ఊపేశాడు. నేను ఎర్రయ్య చేతిలోని లంగరు తాడు పట్టుకుని లాగాను. ముసలాయన నన్ను తోసేయలేదు, తాడు వదలనూ లేదు. ఎంతసేపు అట్లా ఉన్నామో.

అప్పన్న ఉన్నట్టుండి తెడ్డు తీసుకున్నాడు. దుంగ మీద ఒక దెబ్బ కొట్టి, ఆగి, వెంటవెంటనే రెండు కొట్టాడు. ఆ తర్వాత దుంగకు చెవి ఆనించాడు. మేమందరం ఆయన వీపు వైపే చూస్తున్నాం. కాసేపటికి అవతలి నుంచి చెక్క మీద చెక్క చప్పుడు. ఒకటి, ఆగి, రెండు.

"గొంతు దొంగిలిత్తాది గానీ మామా, మా అన్నదమ్ముల కొట్టుడు దానికి రాదు" అన్నాడు అప్పన్న. ఎర్రయ్య తెప్పను అటు తిప్పాడు.

తెరచాప గెడ విరిగిన చిన్న తెప్ప మీద పోలయ్య లంగరు తాడు నడుముకు చుట్టుకుని బోర్లా పడి ఉన్నాడు. పెదాలు పగిలి నెత్తురు కారుతోంది. పక్కనే సగం కొరికిన పచ్చి చేప. రెండు రోజులూ పచ్చి చేపను నమిలి ఆ రసంతో బతికాడు. సొమ్మసిల్లి ఉంటే తెడ్డు చప్పుళ్లు వినబడలేదట, బావ కేకకే మెలకువ వచ్చిందట. ఎర్రయ్య కుండలోని గంజి తేట వేలితో అద్ది పెదాలకు రాశాడు. అప్పన్న తమ్ముడి తల ఒళ్లో పెట్టుకుని ఒక్కసారి కూడా పేరు పెట్టి పిలవలేదు. ఇంకా విచిత్రం, మా గాలాలు పైకి తీసి, పట్టిన చేపలన్నీ బుట్టకెత్తాకే తెప్పను ఒడ్డుకు తిప్పారు.

దారిలో బావ సంబరం పట్టలేకపోయాడు. నేను కేకేసినందుకే కదా దొరికినాడు అన్నాడు. ఎర్రయ్య కాదనలేదు. మనిషిని తెచ్చినారు బాబూ, పేరు మాత్రం నీళ్లలోనే ఉండిపోయింది అన్నాడు. ఆ మాట ఎంత దూరం పోతుందో మాకు అప్పుడు తెలియలేదు.

ఒడ్డు

తెల్లవారేసరికి వాడంతా ఇసుకలో నిలబడి ఉంది. మిగతా తెప్పలు అప్పటికే వచ్చేశాయి. నూకాలు మోకాటిలోతు నీళ్లలో నిలబడి మా తెప్ప మీది తలల్ని లెక్కపెట్టింది. నలుగురు పోయి ఐదుగురు వస్తున్నారు. పరుగెత్తుకొస్తుందనుకున్నాను. రాలేదు. ఎర్రయ్య దిగి ముందుగా ఆమె దగ్గరికి పోయి జరిగిందంతా మెల్లగా చెప్పాడు. ఆమె ముగ్గురు మనుషుల అవతల కూచున్న మొగుడి వైపు చూసింది. చూపు తిప్పుకుని నీళ్లలోంచి బయటికి నడిచి ఇసుకలో నిలబడింది. పోలయ్య కూడా ఆమెను పిలవలేదు. అన్న పట్టుకుంటే దిగి, ఇసుకలో కూలబడి, తల వంచుకుని కూచున్నాడు. పిల్లలు నాయన దగ్గరికి పోబోతే ఎవరో ఆపారు.

"ఏందప్పా ఇది, బతికొచ్చినోణ్ణి ఇంట్లేకి రానీరా" అని బావ కోపంగా అడిగాడు. ఆయన కళ్లలో నీళ్లున్నాయి. నీళ్లకు వదిలేసిన పేరుతో పిలిస్తే సముద్రం ఆ మనిషిని మళ్లీ అడుగుతుందని ఎర్రయ్య చెప్పాడు. పేరు లేనివాణ్ణి ఇంట్లోకి పిలవడానికి లేదు. పిలవకుండా గడప దాటడానికీ లేదు.

నూకాలు బావ ముందుకు వచ్చి నిలబడింది. చేతులు జోడించలేదు, తిట్టనూ లేదు.

"నీ నోటితో పోయినాది బాబూ. నీ నోటితోనే ఒకటియ్యి."

నంద్యాల మార్కెట్లో పదిమంది దళారులు ఒక్కటై మీద పడినా మాటకు మాట చెప్పే మా బావ గుంజలాగా నిలబడిపోయాడు. నా వైపు చూశాడు. నాకు ఒక్క పేరూ తోచలేదు. తోలు లేచిన అరచేతులు పంచెకు తుడుచుకుని, అహోబిలం కొండ దగ్గర పుట్టిన ఏ మనిషికైనా నాలుక చివర ఉండే పేరే చెప్పాడు.

"ఓబులేసు."

మన ఆళ్లగడ్డ బజార్లో ఆ పేరుతో కేకేస్తే పది తలలు తిరుగుతాయి. ఆ సముద్రపు ఒడ్డున ఎవరూ అట్లాంటి పేరు విని ఎరగరు. ఎర్రయ్య ఒకసారి అని చూసుకుని తల ఊపాడు. నూకాలు ఆ పేరును నోట్లోనే రెండు మూడుసార్లు అనుకుంది. అనుకుంటూనే వెనక్కి తిరిగి, ఇసుక మీద నడిచి, తన పాక గడప లోపలికి పోయి నిలబడింది.

"ఓబులేసూ, బువ్వ తిందువు, రా" అని పిలిచింది.

అతను తల ఎత్తలేదు. ఎవరినో పిలుస్తున్నారనుకున్నాడు. అప్పన్న వంగి వీపు తట్టాడు.

"ఆఁ, వత్తన్నాను" అన్నాడతను.

అప్పుడు ఏడ్చింది నూకాలు.